పాఠకుల ప్రశ్నలు: మందు ధర, పేటెంటు, అభ్యంతరం

ప్ర: పేటెంటు గడువు 20 ఏళ్లే కదా. అది తీరాక కూడా కొన్ని మందులు చౌకగా ఎందుకు రావు? రోగులు ఏమైనా చేయగలరా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జ: చేయగలరు, చేశారు కూడా. మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ మూల పేటెంటు 2023 జులైలో ముగిసింది. అయితే దాని ఫ్యూమరేట్ లవణంపై జాన్సన్ అండ్ జాన్సన్ మరో దరఖాస్తు పెట్టింది. అది మంజూరై ఉంటే అదే మందును చౌకగా తయారుచేసే జెనరిక్ కంపెనీలు ఇంకో నాలుగేళ్లు ఆగాల్సి వచ్చేది. క్షయను జయించిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే అభ్యంతరం చెప్పారు. 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది.

ఇలాంటి వాటికి అడ్డుకట్ట మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(డి). తెలిసిన మందుకు కొత్త లవణమో, స్ఫటిక రూపమో తెస్తే చాలదు, గుణం గణనీయంగా పెరిగిందని చూపాలి. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ కొత్త రూపం శరీరంలోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందని దాని కంపెనీ నోవార్టిస్ వాదించింది. అంతమాత్రాన చికిత్సా ఫలితం పెరిగినట్టు కాదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. రోగులకు ఇంత మేలు చేసిన తీర్పులు అరుదు.

మంజూరుకు ముందు ఎవరైనా ఫారం 7ఎలో అభ్యంతరం వేయవచ్చు. దరఖాస్తు ప్రచురితమయ్యాక కనీసం ఆరు నెలలు మంజూరు చేయరు కాబట్టి ఆ లోపే వేయడం మేలు. పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో మందు పేరుతో వెతికితే చాలాసార్లు దొరకదు. రసాయన నామంతో, కంపెనీ పేరుతో వెతకండి. క్లెయిముల్లో (కంపెనీ తనకే హక్కు కావాలని కోరే అంశాల జాబితాలో) ‘లవణం’ అన్న మాట ఉందేమో చూడండి. ధర ఎక్కువన్నది అభ్యంతరానికి చట్టపరమైన కారణం కాదు. కావలసింది ఆ విషయం కొత్తది కాదని చూపే, దరఖాస్తు ప్రాధాన్య తేదీకి (ఆ ఆవిష్కరణపై మొట్టమొదటి దరఖాస్తు పెట్టిన తేదీకి) ముందే అచ్చయిన పత్రం. ఒక్కరోజు తర్వాతిదైనా పనికిరాదు. 2024 నిబంధనలతో రుసుమూ, అభ్యంతరాన్ని అసలు విచారణకు తీసుకోవాలా అన్న పరిశీలనా వచ్చాయి. ఈ భారం రోగులపై మోపడం తప్పు. మంజూరయ్యాకైతే ఏడాదిలోపు, ఫారం 7తో, అదీ ఆ విషయంతో నేరుగా సంబంధం ఉన్నవారికే.

ప్ర: తప్పనిసరి లైసెన్సు ఎందుకు అడగరు?

జ: పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారీకి వేరే కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే అనుమతే తప్పనిసరి లైసెన్సు. పేటెంటు మంజూరైన మూడేళ్ల తర్వాత అడగవచ్చు. 2012లో హైదరాబాదు మందుల కంపెనీ నాట్కోకు క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌పై ఇచ్చారు. నెలకు సుమారు 2.8 లక్షల రూపాయల మందు 8,880కి దిగింది. హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్‌కు అడిగితే, 2016లో కాదన్నారు: రోగుల అవసరం తీరడం లేదని లెక్కలతో చూపలేకపోయింది.