టైమర్ పెట్టే ముందు

అమ్మలూ,

మీ గోడౌన్‌లోకి ఈసారి మనుషుల్ని ఫోన్‌లో ఆటలాడించి తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. మన పిల్ల పదిమందికి పని ఇస్తోందని వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఆ ఆట మీ దగ్గర బాగా పనిచేసేవాళ్లచేత ఆడించు. వాళ్లే ఓడిపోతే తప్పు ఆటది. వచ్చినవాళ్లకి లెక్కలోకి రాని ఆట ఒకటి ముందు ఆడనివ్వు.

2004లో గూగుల్ వాళ్లు అమెరికాలో రోడ్డు పక్కన పెద్ద బోర్డు మీద లెక్క ఒకటి పెట్టి, విప్పినవాళ్లని ఉద్యోగాల దాకా రప్పించారు. అక్కడ చేయాల్సిన పనీ బుర్రకి పదును పెట్టేదే కాబట్టి సరిపోయింది. నువ్వు పెడుతున్న బెలూన్ ఆట వేరు. గాలి కొట్టేకొద్దీ డబ్బు పెరుగుతుంది, పగిలితే ఆ బెలూన్ మీద కూడింది పోతుంది. ఎవరెంత తెగిస్తారో చూడడానికి పరిశోధకులు చేసిన ఆట. స్టాకు లెక్క రాసే పిల్లాడు రెండుసార్లు కొట్టి ఆగిపోతే వాడికి మార్కులెందుకు తగ్గాలి?

1991లో పలాసలో నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు గ్రేడింగుకి ఆడవాళ్లని తీసుకోవడానికి పోటీ పెట్టాను. తలా ఒక పళ్లెం, పది నిమిషాలు, విజిల్. 240, 320 రకాలు వేరు చేయాలి. పౌండు బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయన్నదే ఆ అంకె, చిన్నదైతే పప్పు పెద్దది. చూపుకి రెండూ దగ్గరగానే ఉంటాయి. ఒకామె పళ్లెం సగం కూడా కాలేదు. ఒక్కో పప్పూ వెలుతురుకి పెట్టి చూస్తోంది, అంటుకున్న పొట్టు గోటితో తీస్తోంది. నేను గడియారమే చూశాను, పంపేశాను. నెల తిరక్కుండా రకాలు కలిసిపోయాయని డబ్బాలు వెనక్కొచ్చాయి. అప్పుడు ఆమె పళ్లెం గుర్తొచ్చింది. అందులో ఒక్క పప్పూ తప్పుగా పడలేదు. వాళ్ల ఊరు వెళ్లాను. పిల్లల్ని తీసుకుని సూరత్ వలసపోయిందన్నారు. ఆ తాళం వేసిన తలుపు నాకిప్పటికీ కనబడుతుంది.

నీ ఆటకి ఉద్దానం పిల్లలూ వస్తారు. 2018లో తిత్లీ తుపాను వాళ్ల జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. వాళ్ల చేతిలో ఇంట్లో అందరిదీ ఒకటే ఫోను, దానికీ అద్దం పగిలి ఉంటుంది. సిగ్నల్ పోయి ఆగినవాణ్ణి చేతకానివాడనకు. కాదని చెప్పాల్సొస్తే మెసేజ్‌తో సరిపెట్టకు తల్లీ, నువ్వే ఫోన్ చేసి కారణం చెప్పు.

తిండి మానేసి తిరుగుతున్నావట, అదేం పని? ఆదివారం రా. మీ పిన్ని నీకోసం పనసపొట్టు కూర చేస్తానంది. ఆ ఆట ఫోన్‌లో వేసుకుని తీసుకురా, నేనూ ఆడతాను. నా కోసమని టైమర్ ఆపకు.

మీ చిన్నాన్న
కాశీబుగ్గ