మైక్రోగ్లియాకు ‘ఒత్తిడి’ అంటే మనోవేదన కాదు

‘అమ్మకు హంటింగ్టన్ జబ్బు. ఈ జబ్బులో మెదడులోని మైక్రోగ్లియా అనే రక్షక కణాలు ఒత్తిడిని తట్టుకోలేవని చదివాను. మేము పెట్టిన బాధల వల్లే ముదిరిందా?’ అని మీరు అడిగారు. కాదు. ఇది జన్యువులోని లోపం వల్ల వచ్చి, మెదడులోని నాడీకణాలను మెల్లగా దెబ్బతీసే జబ్బు. ఇదే ప్రశ్న మా ఇంట్లో ఏళ్ల తరబడి నలిగింది.

మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర పల్లె. నాన్న పొగాకు రైతు. పచ్చాకు కర్రకు అల్లడంలో ఆయనంత వేగం ఎవరికీ ఉండేది కాదు. 42వ ఏట ఆ వేళ్లే మాట వినడం మానేశాయి. దారం పట్టుకోగానే వాటంతట అవి ఎగిరేవి, ఆకు జారి కాళ్ల దగ్గర పడేది. వేలంలో ధర పడిపోయి అప్పు మిగిలిన సంవత్సరం అది. దిగులుతో నరాలు చెడ్డాయన్నారు కొందరు, తాగుతున్నాడన్నారు మరికొందరు. అప్పు గురించి తాను సాధించడం వల్లే ఇలా అయిందని అమ్మ కుమిలిపోయింది.

చివరికి జన్యు పరీక్షలో అసలు సంగతి తేలింది. నాలుగో క్రోమోజోమ్‌పై ఉండే హంటింగ్టిన్ జన్యువులో సీఏజీ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క వరుసగా 40 సార్లు లేదా అంతకు మించి ఉంటే ఈ జబ్బు దాదాపు తప్పదు. నాన్నకు 45 ఉన్నాయి. అది పుట్టుకతో వచ్చిన లెక్క.

ఇక మీరు చదివిన మైక్రోగ్లియా సంగతి. ఇవి పిండ దశలోనే, పిండాన్ని అంటిపెట్టుకుని ఉండే పచ్చసొన సంచి నుంచి మెదడుకు చేరి, చెత్త ఎత్తుతూ, సూక్ష్మజీవులను మింగుతూ అక్కడే ఉండిపోతాయి. లోపమున్న జన్యువు నాడీకణాలలోనే కాదు, వీటిలోనూ ఉంటుంది. పరిశోధకులు రోగుల కణాలను మూలకణాలుగా (వేరే రకాల కణాలుగా మారగల కణాలుగా) మార్చి, వాటి నుంచి ప్రయోగశాలలో మైక్రోగ్లియాను పెంచి చూశారు. వాటిలో ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర పదార్థాలు ఎక్కువగా పేరుకున్నాయి, కణాలు త్వరగా చనిపోయాయి. వాళ్లు ‘ఒత్తిడి’ అన్నది ఇలాంటి రసాయనిక దెబ్బలను. ఆ గాజుపాత్రలో అప్పులు లేవు, ఇంటి గొడవలు లేవు. అయినా కణాలు నిలవలేదు. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ రెండుసార్లు అడిగింది: ‘నా మాటలు అందులోకి పోలేదు కదా?’

మీరు నిజంగా కంగారు పడవలసింది మింగడం గురించి. నాన్నకు నీళ్లు తాగుతుంటే పొలమారేది. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టి ఊరుకునేవాళ్లం. అది మా పొరపాటు. నీళ్లూ మెతుకులూ ఊపిరితిత్తులలోకి పోతే న్యుమోనియా వస్తుంది, ఈ జబ్బులో ఎక్కువ మంది ప్రాణాలు తీసేది అదే. తర్వాత మింగే తీరు నేర్పే చికిత్సకుడు చెప్పినట్టు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని, చిక్కటి రాగి జావ చెంచాతో పట్టేవాళ్లం. టీవీ కట్టేసేవాళ్లం, మాట్లాడించేవాళ్లం కాదు. గిన్నె ఖాళీ కావడానికి ముప్పావు గంట పట్టేది.

అమ్మగారికి వారంలో ఒకటి రెండుసార్లు పొలమారుతున్నా సరే, నరాల డాక్టరును అడిగి మింగే తీరు పరీక్ష చేయించండి.