చిన్నా, ఆ లిస్టులో సగం కొట్టెయ్

చిన్నా,

నువ్వు నాన్నని హంపి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే నాన్నకి ఊళ్లు చూపించేంత వాడివయ్యావా అని ఎంత మురిసిపోయానో, సాయంత్రం గ్రూపులో నువ్వు పెట్టిన లిస్టు చూశాక అంత టెన్షన్ పట్టుకుంది. ఒక్క రోజులో పంతొమ్మిది చోట్లా? వాడికి అరవై మూడు. మోకాళ్లు అంతంత మాత్రం. ఆ మాట నీతో చచ్చినా చెప్పడు.

హొసపేటలో దిగితే హంపి 13 కిలోమీటర్లు. రోజంతటికీ ఆటో మాట్లాడుకో. నీళ్లు, టోపీ నేను చెప్పక్కర్లేదు.

1994లో మేం వెళ్లింది ఏప్రిల్‌లో. బుద్ధి ఉన్నవాళ్లెవరూ ఆ నెలలో వెళ్లరు. మీ తాతయ్య కూడా వచ్చాడు. నా చేతిలోనూ నీలాగే ఓ లిస్టు, ఒక్కోటి చూడ్డం, టిక్కు పెట్టడం. కృష్ణాలయం దగ్గరికి రాగానే ఆయన మండపంలో చతికిలపడ్డాడు. మన సొంతూరు ఉదయగిరి కదా, కృష్ణదేవరాయలు 1514లో ఆ కోట గెలిచి అక్కడి బాలకృష్ణుణ్ణి తెచ్చి ఈ గుడి కట్టించాడు. "మా ఊరి కృష్ణుడమ్మా, కాసేపు కూర్చుంటాను" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది, గర్భగుడి ఖాళీ, ఇక్కడ చూడ్డానికేముంది, లే నాన్నా, రాతిరథం చూడాలి" అని చెయ్యి పట్టి లేపాను. మిట్టమధ్యాహ్నం నది పక్క దారిలో విఠల గుడి దాకా నడిపించాను. రథం ముందు ఫోటోకి నిలబడబోతూ అలాగే కూలబడిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు నీడలోకి మోసుకొచ్చి మొహాన నీళ్లు కొట్టారు. కళ్లు తెరిచి "ఫోటో వచ్చిందా?" అన్నాడు. తిరుగు దారిలో కృష్ణాలయం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మళ్లీ హంపి వెళ్లే యోగం ఆయనకి రాలేదు.

అందుకే నీ మీద అరుస్తున్నాను, ఏమీ అనుకోకు.

సూర్యోదయానికి మాతంగ కొండ అని రాశావు, కొట్టెయ్. విరూపాక్ష గుడి పక్కనే హేమకూటం ఉంది, ఏటవాలు బండే, నాన్న నింపాదిగా ఎక్కగలడు. పొద్దున్నే అక్కడికి వెళ్లి, తర్వాత దర్శనం చేసుకోండి. గుడి వెనక చీకటి గదిలో, చిన్న కన్నంలోంచి వెలుగొచ్చి గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది, అది మాత్రం వదలకు. విఠల గుడికి ఇప్పుడు బ్యాటరీ బండ్లున్నాయట, క్యూ ఎంతున్నా ఎక్కించు. సంగీత స్తంభాలు వాయించనివ్వరు, నాన్న ప్రయత్నిస్తాడు, చూసుకో. యాభై రూపాయల నోటు మీది రథం అదేనని వాడికి తెలియకపోతే నువ్వే చూపించు.

రాయలవారి మేడలేవని అడగకు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక చెక్క కట్టడాలు కాలిపోయాయి, రాతి పునాదులే మిగిలాయి. మహర్నవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక, రామాయణం చెక్కిన హజారరామ గుడి చాలు. పదకొండు గదుల ఏనుగుల సాల ముందు పచ్చిక ఉంది, ఓపికుంటే వెళ్లండి.

సాయంత్రం ఎండ తగ్గాక కృష్ణాలయం. దగ్గర్లోనే 22 అడుగుల నరసింహుడు, పక్కనే నీళ్లలో బడవిలింగం అనే పెద్ద శివలింగం, అవి పావుగంట పని. గుడిలో మాత్రం వాణ్ణి తొందరపెట్టకు, ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనీ. తాతయ్య సంగతి వాడికీ తెలుసు, అప్పుడు నీళ్ల కోసం పరిగెత్తింది వాడే.

మోకాలి బెల్టు ఇంట్లో మర్చిపోతాడు, నువ్వే బ్యాగులో పెట్టు.

అత్త