పిల్లాడితో ఎలిజబెత్ ఫార్మ్: టెన్షన్ అక్కర్లేదు

సిడ్నీకి వచ్చిన అమ్మానాన్నల్నీ నాలుగేళ్ల బాబునీ బ్రిటిష్ వలస పాలన కాలపు పాత ఇంటికి తీసుకెళ్తే, వాడు ఏది ముట్టుకుంటాడో, అమ్మగారు మోకాళ్ల నొప్పితో మెట్లెక్కగలరో లేదో అని అడిగారు కదా. రోజ్‌హిల్‌లోని ఎలిజబెత్ ఫార్మ్‌కి వెళ్లండి.

అక్కడ తాళ్లు కట్టి "ముట్టుకోవద్దు" అనరు. సామాన్లు పాతవాటికి నకళ్లు కాబట్టి కుర్చీలో కూర్చోవచ్చు, పుస్తకం తిరగేయవచ్చు. మా వాడు వంటింటి గిన్నెలన్నీ తిరగేశాడు, ఎవరూ ఏమీ అనలేదు! ఇల్లంతా ఒకే అంతస్తు. చుట్టూ వెడల్పాటి వరండా, మన పెంకుటింటి వసారాలా ఉంటుంది. మా అత్తగారు అక్కణ్ణించి లేవనే లేదు.

1793లో జాన్ మెకార్తర్ కట్టించి భార్య పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో మెరినో గొర్రెల (మెత్తటి ఉన్నిచ్చే జాతి) పెంపకానికి పేరంతా ఆయనకే వచ్చింది గానీ, అప్పటి బ్రిటిష్ గవర్నర్ బ్లై మీద తిరుగుబాటులో పాల్గొన్నాక ఆయన 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండ్‌లోనే ఉండిపోతే ఇక్కడ వ్యవహారమంతా నడిపింది ఎలిజబెతే. ఈ ఇల్లు రాకముందు ఆ నేల అక్కడి ఆదివాసులైన బురమట్టగల్ ప్రజలది. నాన్నగారికి ఇది తప్పక చెప్పండి.

వారంలో అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకోండి. హ్యారిస్ పార్క్ స్టేషన్ నుంచి నడవచ్చు. వచ్చేటప్పుడు హ్యారిస్ పార్క్‌లోనే దోసెలు తినేయండి.