ధైర్యం సంగతి తర్వాత, ముందు మీ బాధ డాక్టర్‌కి చెప్పండి

ప్రశ్న: నా వయసు 46. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మూడు వారాలకోసారి కీమో ఇస్తున్నారు, రెండు అయ్యాయి. ఎక్కించిన రోజు బాగానే ఉంటాను, మూడో రోజు నుంచి వికారం, నీరసం, మంచం దిగాలనిపించదు. ఈమధ్య ఆస్పత్రి గేటు కనిపిస్తే చాలు కడుపులో తిప్పుతోంది. ఇంట్లో అందరూ నవ్వుతూ ఉండు, అప్పుడే మందు పనిచేస్తుంది అంటారు. నాకేమో రాత్రిళ్లు ఏడుపొస్తోంది. ఏడిస్తే చికిత్స దెబ్బతింటుందా? ఇవన్నీ చెబితే కీమో ఆపేస్తారేమోనని డాక్టర్‌కి కూడా చెప్పడం లేదు. - ఓ పాఠకురాలు

జవాబు: దెబ్బతినదు. మీరు నవ్వినా ఏడ్చినా మందు తన పని తాను చేసుకుపోతుంది. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. తల, మెడ క్యాన్సర్లున్న వెయ్యిమందికి పైగా రోగులను గమనించి 2007లో ఒక అధ్యయనం వెలువరించారు, అందులో మనసు ఉల్లాసంగా ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారన్న ఆధారమేమీ దొరకలేదు. మీవాళ్లు ప్రేమతోనే అంటున్నారు, కాదనను, కానీ ఆ మాట వల్ల జబ్బు బరువుకి తోడు నవ్వాల్సిన డ్యూటీ కూడా మీ నెత్తినే పడింది. ఏడుపొస్తే ఏడవండి. అయితే రెండు వారాలకు పైగా రోజూ అదే దిగులు ఉండి, నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే మాత్రం దాన్ని విడిగా చూపించుకోవాలి, దానికీ మందులున్నాయి.

నన్ను నిజంగా కంగారు పెట్టింది మీ ఏడుపు కాదు, మీ ఆఖరి వాక్యం. డాక్టర్‌కి చెప్పడం లేదన్నారు చూడండి, అది.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో ముదిరిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టువాళ్లు వికారం, నొప్పి, నీరసం లాంటి బాధల్ని ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసేవాళ్లు, ఏదైనా ఎక్కువైతే వెంటనే నర్సుకి కబురు వెళ్లేది. రెండో జట్టువాళ్లు మామూలుగా డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే చెప్పుకునేవాళ్లు. 2017లో లెక్క తేలింది: మొదటి జట్టులో సగంమంది 31 నెలలకు పైగా బతికితే, రెండో జట్టులో సగంమంది 26 నెలలకు పైగా బతికారు. మీ పరిస్థితి వాళ్లది కాదు, మీకు ఆపరేషన్ అయిపోయింది, కాబట్టి ఆ నెలల లెక్కను మీకు అన్వయించుకోకండి. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే, కొత్త మందేమీ లేకుండా బాధ చెప్పుకోవడం, దాన్ని ఎవరో ఒకరు వెంటనే పట్టించుకోవడం వల్లే అంత తేడా వచ్చింది.

ఇక కీమో ఆపేస్తారన్న భయం. వికారం అని చెప్పగానే కీమో ఆపే డాక్టర్ ఉండరు. మొదట చేసేది వాంతుల మందు మార్చడం. ఆ మందులు ఒకటి కాదు, మూడు నాలుగు రకాలున్నాయి, ఒక్కోటీ ఒక్కో దారిలో పనిచేస్తుంది. ఒండాన్‌సెట్రాన్ మొదటిరోజు వాంతుల్ని బాగా ఆపుతుంది కానీ మూడో రోజు వచ్చే వికారానికి అంతగా చాలదు (పైగా మలబద్ధకం తెస్తుంది, దానికీ ఒక మందు అడగండి). ఆలస్యంగా వచ్చే వికారానికి అప్రెపిటాంట్, ఓలాంజపిన్ లాంటివి కలుపుతారు. మీకు ఏవి ఇస్తున్నారో నాకు తెలియదు కాబట్టి మీ అంతట మీరు కొనకండి, మీ డాక్టర్‌ని "మూడో రోజు వికారానికి ఇంకో మందు కలపగలరా" అని ఇదే మాటల్లో అడగండి. ఇచ్చినవాటిని కూడా వాంతి వచ్చాక కాదు, రాసిన టైముకే వేసుకోవాలి. ఇంకో సంగతి, కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్, అది ఉన్నన్ని రోజులు హుషారుగా ఉంటుంది, ఆపగానే ఒక్కసారిగా చతికిలబడతారు. మీ మూడో రోజు నీరసంలో దాని వాటా కూడా ఉండొచ్చు. అది రాత్రిపూట వేసుకుంటే నిద్ర కూడా చెడుతుంది, పొద్దున్న తిన్నాక వేసుకోవచ్చా అని అడగండి.

గేటు చూస్తే తిప్పడం మీ పిరికితనం కాదమ్మా. ఆ చోటుకీ వాంతికీ మెదడు ముడి వేసేసుకుంది, అంతే. దీన్ని ఎంత తొందరగా చెబితే అంత తేలిగ్గా విప్పొచ్చు. కీమోకి ముందురాత్రి, ఆ పొద్దున వేసుకోవడానికి లోరాజెపామ్ లాంటి, ఆందోళన తగ్గించే మందు రాస్తారు. ముందు ఈసారి వికారాన్ని గట్టిగా అదుపు చేస్తే ఆ ముడి దానంతటదే వదులవుతుంది.

నోరు పూస్తే మెత్తటి బ్రష్, కప్పు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించండి. నోట్లో లోహపు రుచి తగులుతుంటే ప్లాస్టిక్ చెంచాతో తినండి. నీరసానికి పూర్తిగా పడుకోవడం మందు కాదు, పది నిమిషాలైనా నడిచినవాళ్లకే త్వరగా తగ్గుతుంది, వినడానికి వింతగా ఉన్నా. మీకిచ్చేవాటిలో ఎర్ర మందు ఉంటే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. తర్వాతి విడతల్లో మందు మార్చి పాక్లిటాక్సెల్ లాంటిది ఇస్తే వేళ్లు తిమ్మిరెక్కొచ్చు, బొత్తాలు పెట్టుకోవడం కష్టమయ్యేదాకా ఆగకుండా మొదట్లోనే చెప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం క్షణం ఆలస్యం వద్దు. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటినా, చలితో వణికినా అది అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. థర్మామీటర్ పెట్టకుండా పారాసిటమాల్ మింగేస్తే జ్వరం దాక్కుంటుంది, లోపల ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది.

ఆశ గురించి అడగలేదు కానీ చెబుతాను. రెండు కీమోలు అయ్యాయి కాబట్టి మీ ఒంటి లెక్క మీకు కొంత తెలిసే ఉంటుంది. క్యాలెండర్ తీసుకుని ఏ రోజు ఎలా ఉందో ఒక్కో ముక్క రాయండి. చాలామందికి మూడు నుంచి ఆరో రోజు దాకా అధ్వానం, ఆఖరి వారం దాదాపు మామూలు. ఆ ఆఖరి వారంలో మీకిష్టమైన పని ఒకటి ముందే పెట్టుకోండి, చెడ్డ రోజుల్లో ఏ పనీ పెట్టుకోకండి. మూడో రోజు మంచంలో ఉన్నప్పుడు "ఇక ఇంతే" అనిపిస్తుంది, అప్పుడు ఆ క్యాలెండర్ చూస్తే పోయినసారి ఏడో రోజుకి ఏం రాశారో కనబడుతుంది. ఆ కాగితాన్నే మూడో కీమోకి వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి, నోటితో చెప్పడానికి మొహమాటంగా ఉంటే ఆయనే చదువుకుంటారు.