పిడుదు కరిచింది, వెంటనే రక్తపరీక్ష చేయించాలా?

మీ నాన్నగారికి తోటపనిలో పిడుదు పట్టిందని, ఈ వారాంతంలో ఆయన హైదరాబాద్ వెళ్లిపోతున్నారని, ఈలోగా లైమ్ వ్యాధి (పిడుదు కాటుతో వచ్చే బాక్టీరియా జబ్బు) పరీక్ష చేయిద్దామా అని అడిగారు. ఇప్పుడు చేయిస్తే డబ్బు దండగ. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను. అవి పరీక్షకు దొరకడానికి కొన్ని వారాలు పడుతుంది.

నాలుగేళ్ల కిందట నాకూ ఇక్కడే, న్యూజెర్సీలోనే కరిచింది. జూన్‌లో టమాటా మడిలో కలుపు తీసిన రెండు రోజులకు మోకాలి వెనక గసగసమంత నల్లటిది కనిపించింది. పుట్టుమచ్చ అనుకుని గోటితో గీకితే కాళ్లు ఆడించింది! ఊళ్లో గేదెల చెవులకు ఉలవగింజల్లా వేలాడే పిడుదులను చూసి పెరిగినవాణ్ని, ఇంత చిన్నది కూడా పిడుదేనని తట్టలేదు.

పదో రోజున అక్కడ మచ్చ లేచింది. నొప్పి లేదు, దురద లేదు. లైమ్ మచ్చ అంటూ ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించేవి తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయాలు. నా చామనఛాయ కాలి మీద అది దెబ్బ తగిలి కమిలినట్టు వంకాయ రంగులో ఉంది, వలయం లేనే లేదు. మొదట చూసిన డాక్టరు తామర అని పూతమందు రాశారు. నేను చేసిన తెలివైన పని ఒక్కటే, మచ్చ అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీయడం. రెండు రోజుల్లో మచ్చ గీత దాటి బెత్తెడైంది. చలి, మెడనొప్పి మొదలయ్యాయి. రెండో డాక్టరు ఆ గీత చూసి, లైమ్ వ్యాధేనని, పరీక్ష కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 14 రోజులు వాడమన్నారు. తగ్గిపోయింది. మాత్ర వేసుకోగానే పడుకుంటే మాత్రం ఛాతీలో మంటే మంట. నిండు గ్లాసు నీళ్లు తాగి కాసేపు కూర్చోవాలి.

మీరు పిడుదును తీసి 72 గంటలు దాటకపోతే ఈరోజే డాక్టరుకు ఫోను చేయండి. అది ఒకటిన్నర రోజుకు పైగా అంటుకుని ఉంటే, ముందు జాగ్రత్తగా 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక్కసారి ఇచ్చే పద్ధతి ఉంది. ఇవ్వాలో వద్దో ఆయన చెబుతారు.

ఆ తర్వాత 30 రోజులు గమనించండి. మచ్చ అందరికీ రాదు. పైగా ఇవే పిడుదులు అనాప్లాస్మా అనే మరో బాక్టీరియాను కూడా ఎక్కిస్తాయి. దానికి సాధారణంగా మచ్చ ఉండదు. జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోవడం. హైదరాబాద్‌లో ఈ లక్షణాలు చూస్తే ఎవరికైనా ముందు తట్టేది డెంగీయే. దీనికీ మందు డాక్సీసైక్లినే, కానీ పిడుదు సంగతి చెప్పకపోతే ఎవరూ అటు ఆలోచించరు. మూతి వంకరపోయినా, గుండెదడ వచ్చినా, మోకాలు వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కరిచిన తేదీ, చోటు, ఊరు రాసి, పిడుదు ఫొటోతో కలిపి నాన్నగారి పాస్‌పోర్టులోనే పెట్టండి. సూట్‌కేసులో వేస్తే చాక్లెట్ల కింద పడి మళ్లీ దొరకదు.