మరక కనబడితే ఏం చెయ్యాలంటే

పాపా,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే సగమే అర్థమైంది. అందుకే రాసి పంపిస్తున్నా, నిదానంగా చదువుకో.

కడుపుతో ఏడో వారం, గోధుమరంగు మరక, నొప్పి లేదు. ఇంతేగా? మొదటి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి ఎంతోకొంత స్పాటింగ్ కనబడుతుంది. వాళ్ళలో ఎక్కువమందికి గర్భం నిలుస్తుంది. నర్సుగా ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను, ఊరికే ధైర్యం చెప్పడానికి అనడంలేదు.

ప్యాడ్ పెట్టుకో. రంగేంటో, ఎంత తడిసిందో చూసి టైముతో సహా రాసిపెట్టు. డాక్టరు మొదట అడిగేది అదే. ఎర్రగా ధారగా వచ్చి గంటకో ప్యాడ్ నిండుతున్నా, గడ్డలు పడుతున్నా, పొత్తికడుపులో ఒకపక్కే పోటు వస్తున్నా, భుజం కొసన నొప్పి పుట్టినా, కళ్ళు తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. గర్భం ట్యూబులో ఉంటే ఇలాగే బయటపడుతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది.

అవేవీ లేకపోతే రేపు కావలిలోనే స్కాన్ తీయించుకో, లేదా నెల్లూరు వచ్చెయ్. బస్సు కుదుపులకి కడుపు పోతుందని మీ అత్తగారు అన్నారట. ఆమెతో వాదించకు గానీ, అది నిజం కాదు. లోపలి నుంచి స్కాన్ చేస్తామంటే భయపడకు, బిడ్డకేం కాదు. ఏడో వారానికి మామూలుగా గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. తెలియకపోతే తేదీలు అటూ ఇటూ అయ్యుండొచ్చు, వారం పది రోజులాగి మళ్ళీ తీస్తారు. నీకు ఒంట్లో బాగానే ఉంటే ఆ ఒక్క స్కాన్ చూసి గర్భం తీసేసే మాత్రలు మింగెయ్యమంటే తొందరపడకు, రెండోసారి తీయమని అడుగు.

నా మొదటి కాన్పుకు ముందు సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. మంచం కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి, తల కిందికి వచ్చేలా తొమ్మిది రోజులు పడుకోబెట్టారు. అన్నం కూడా పక్కకి ఒరిగే తిన్నా. అయినా నిలవలేదు. బోరింగు కొట్టినందుకేనని మా అత్త ఏడాదిపాటు అంటూనే ఉంది, నేనూ నమ్మాను. తర్వాత ట్రైనింగులో చదువుకుంటే తెలిసింది: మొదట్లో పోయే వాటిలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే. బోరింగూ కాదు, బొప్పాయి ముక్కా కాదు. పడుకుంటే ఆగేదీ కాదు. కాబట్టి నీ పని నువ్వు చేసుకో. బిందెలు మాత్రం మీ ఆయన్ని మొయ్యమను, వంక దొరికింది కదా. మరక ఆగేదాకా దూరంగా పడుకోండి.

షాపులో అడిగి 'నిలబెట్టే మాత్రలు' కొనొద్దు. అవి అందరికీ పనిచేసేవి కావు. డాక్టరు రాస్తేనే వేసుకో, ఫోలిక్ యాసిడ్ మాత్రం మానకు.

వచ్చేటప్పుడు బ్లడ్ గ్రూపు కాగితం తెచ్చుకో. నెగటివ్ అయితే ముందే చెప్పాలి, అవసరమైతే యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తారు, తర్వాతి కాన్పుల్లో బిడ్డకి ఇబ్బంది రాకుండా. స్కాన్ గది బయటికి రాగానే ముందు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి నేను చెప్తాలే.

మీ పెద్దమ్మ